ఎందుకమ్మగారి ఎర్ర మార్కరు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు లక్షణమైనది ఒకటుంది. హాజరు పట్టీలోనూ, ఇంటి తలుపు మీదా అదే ఉంటుంది. కానీ ఆ పేరు చెప్పి అడిగితే కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ బుర్ర గోక్కుంటాడు. "ఎందుకమ్మ గారండీ" అని చూడండి, "మూడో అంతస్తు, చివరి గది, తలుపు తీసే ఉంటుంది, వెళ్ళండి" అని టక్కున చెప్పేస్తాడు.

ఆ పేరు పిల్లలు పెట్టింది. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు క్లాసులో లేచి, "మేడమ్, ఈ స్క్రీన్ మీద ఇక్కడొక బటన్ పెడదాం" అన్నాడట.

"ఎందుకమ్మా?"

"నొక్కడానికి మేడమ్."

"నొక్కడం ఎందుకమ్మా?"

వాడు కాసేపు నీళ్ళు నమిలి, "పక్క స్క్రీన్ మీద ఉంది కదా అని మేడమ్" అన్నాడు. క్లాసు గొల్లుమంది. సాయంత్రానికల్లా ఆవిడ ఎందుకమ్మ అయిపోయింది. ఆ సంగతి తెలిసి ఆవిడకి కోపం రాలేదు సరికదా, లోపల్లోపల మురిసిపోయింది. చెప్పొద్దూ, కొందరు మాస్టర్లకి పిల్లలు పెట్టే పేర్లు వింటే ఇది బిరుదు కింద లెక్క.

ఇంతకీ ఆవిడ చెప్పే పాఠం ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ తయారుచేసే ముందు, దాన్ని వాడబోయే మనిషికి నిజంగా ఏం కావాలో కనుక్కోవడం. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. అడిగితే చెప్తారు, రాసుకుంటే సరి, దీనికో పాఠమా, దానికో పరీక్షా! మొదటిరోజు పిల్లలూ అలాగే అనుకుంటారు. వాళ్ళ రోగం కుదర్చడానికే ఆవిడ మొదటి క్లాసులో వేషం కడుతుంది.

భర్త పాత కోటు భుజాల మీద వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, క్లాసు మధ్యలోకి కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంటుంది. "నేను మేడమ్‌ని కాదు. నాకు సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టుంది. సాఫ్ట్‌వేర్ కావాలి. ఊఁ, ఏమడుగుతారో అడగండి" అంటుంది.

"మీకేం ఫీచర్లు కావాలండీ?" అని ఎవడో ఒకడు మొదలుపెడతాడు. ఏటా ఇదే ప్రశ్న. ఇంకో ప్రశ్నతో మొదలైన ఏడాది లేదు.

"ఏమేం ఉన్నాయి నాయనా?"

"మీరేదంటే అది చేస్తామండీ."

"అయితే అన్నీ పడెయ్. మా బావమరిది కొట్లో ఎన్నున్నాయో దానికంటే ఒకటి ఎక్కువుండాలి."

"సైకిల్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించమంటారా అండీ?"

"చూపించు, చూపించు. ముచ్చటగా ఉంటుంది."

"ఫాస్ట్‌గా ఉండాలా అండీ?"

"నత్తలా ఉండాలని ఎవడైనా అడుగుతాడా అబ్బాయ్?"

పిల్లలు పేజీలకి పేజీలు రాసేస్తారు. గంట కొట్టే ముందు ఆవిడ కోటు తీసేసి, కళ్ళజోడు పైకి తోసి, మళ్ళీ మేడమ్ అయిపోతుంది. "సరే, ఇప్పుడు చెప్పండి. నా కొట్లో ఇబ్బందేమిటి?" అంటుంది. అందరూ రాసిన పేజీలు తిరగేస్తారు. "నా సైకిళ్ళు తిరిగొస్తున్నాయి. వాటి తాళంచెవులు మాత్రం జనం జేబుల్లో ఇళ్ళకి వెళ్ళిపోతున్నాయి. రోజూ తాళాలు పగలగొట్టుకోలేక చస్తున్నాను. ఇంతమందిలో ఒక్కరైనా, 'ఏం బాబాయ్, నిన్న కొట్లో ఏం జరిగింది' అని అడిగారా?"

అక్కణ్ణించి పాఠం మొదలు. అడిగే ప్రశ్నలో జవాబు దూర్చకూడదంటుంది. మ్యాప్ కావాలా అని అడిగితే కావాలనే అంటారు, ఉచితంగా వస్తుంటే ఎవరికి చేదు! ప్రశ్న అడిగాక నోరు మూసుకోమంటుంది. అవతలివాళ్ళు చెప్పే మొదటి జవాబు మర్యాదకి చెప్పేదిట. మనం మాట్లాడకుండా ఊరుకుంటే, ఆ ఇబ్బందిలోంచి రెండోది వస్తుంది. అసలుది అదే. కుర్రకారుకి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు పాపం, నోరు మూసుకోవడం!

వీటన్నిటి మీదా మార్కర్ల పద్ధతి ఉంది. బోర్డు మీద రాసేటప్పుడు, అవతలి మనిషి తన నోటితో చెప్పింది నీలం మార్కరుతో రాయాలి. మనం ఊహించుకున్నది ఎర్ర మార్కరుతో రాయాలి. ఎర్రగా రాసినది తప్పని కాదు, ఇంకా అడగలేదని అర్థం. "బోర్డు మీద ఎరుపు ఉన్నన్నాళ్ళూ కంప్యూటరు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను" అంటుంది. ఇంతవరకూ ఎవరి చేతులూ విరగలేదు గానీ, ఆ మాటకి మాత్రం అందరూ భయపడతారు.

ఈ విద్య ఆవిడకి పుస్తకంలోంచి రాలేదు. పెళ్ళికి ముందు ఒక కంపెనీలో పనిచేసేది. అక్కడివాళ్ళు ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చారు. అది ఎలా నడుస్తోందో చూసిరమ్మని ఆవిడని పంపారు. వెళ్ళి చూస్తే ప్రతి కంప్యూటర్ తెర మీదా కుడివైపు మూల దెబ్బలకి వేసే ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. "ఇదెందుకమ్మా?" అని ఒక నర్సుని అడిగింది. "ఆ మూల ఎర్ర దీపం ఒకటి కొట్టుకుంటూనే ఉంటుందండీ. కంగారుపెట్టి చంపుతోంది. దాన్ని చూస్తే రోగి మీద మనసు నిలవదు" అంది నర్సు. ఆ దీపం కోసం కంపెనీలో ఎంతమంది ఎన్నాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారో ఆవిడకి తెలుసు. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో కూర్చుని, నా పని రాయడం కాదు, అడగడం అని నిశ్చయించుకుంది. తర్వాత కాలేజీలో చేరింది. ఈ పాఠం కావాలని పట్టుబట్టి పెట్టించుకుంది. పిల్లల్ని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టకుండా ఊరి మీదికి తోలేది.

ఇంట్లోనూ అదే వరస. భర్త కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో ఉన్నాడు, నెమ్మదైన మనిషి. "మా ఇంట్లో ఉప్పు అడిగినా ఎందుకని అడుగుతారండీ" అని వచ్చినవాళ్ళ దగ్గర వేళాకోళం చేస్తుంటాడు. కానీ కుర్చీ సంగతి జరిగినప్పటి నుంచి ఆయన కూడా గట్టిగా నవ్వడం మానేశాడు. ఒకసారి అత్తగారు వంటింట్లోకి కుర్చీ కావాలంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా అని కొడుకు మెత్తటి కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ దాని మీద ఒక్కనాడు కూర్చుంటే ఒట్టు. కొడుక్కి ఒళ్ళు మండింది. కోడలు పక్కన చేరి, "కుర్చీ ఎందుకత్తయ్యా?" అని మెల్లిగా అడిగి ఊరుకుంది. అత్తగారు కూర తిప్పుతూ, "నువ్వు కాలేజీ నుంచి రాగానే గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్తావు. కాళ్ళు లాగి అయిదు నిమిషాలకే వెళ్ళిపోతావు. కూర్చుంటే ఇంకాసేపు ఉంటావని" అంది. కోడలు వెంటనే అందులో కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ కుర్చీ కోడలిదే.

ఇలా హాయిగా నడుస్తున్న బండికి ఈ ఏడాది అడ్డం పడింది. కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. బల్ల మీద కాగితం ముక్క కనిపించనివ్వడు, అనవసరంగా మాట తూలడు. వచ్చిన కొన్నాళ్ళకే ఎందుకమ్మని పిలిపించి, వచ్చే ఏడాది నుంచి ఈ పేపరు తీసేస్తున్నామని చెప్పాడు. ఆ పాఠం ఏదో స్లైడ్లలో చూపించేస్తే సరిపోతుందట. ఆవిడ ల్యాబ్ చూసుకోవాలట. తల్లిదండ్రుల రోజున కాలేజీ కమిటీ ఛైర్మన్ గారు వచ్చి ఆమోదముద్ర వేస్తే ఇక తిరుగులేదు.

ఎందుకమ్మ ఊరుకునే రకమా! ఒంటికాలి మీద లేచింది. అన్నేళ్ళు పెంచిన పాఠం, కన్నబిడ్డతో సమానం. ఇంతకుముందు చదివి వెళ్ళిన పిల్లలు ఏమన్నారో చెప్పింది. కంపెనీలు ఏమంటున్నాయో చెప్పింది. ప్రిన్సిపాల్ అంతా విని, "చూద్దాం మేడమ్" అన్నాడు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ చెప్పింది. "చూద్దాం మేడమ్." బయటికొచ్చి స్టాఫ్‌రూమ్‌లో, "ఆయనకి పాఠమంటే పడదు, అంతే. అంకెలు కావాలి, ఫోటోలు కావాలి" అని తేల్చేసింది. అయినా ధైర్యం చెడలేదు. ఈ ఏడాది పిల్లల పని చూస్తే ఎంతటివాడైనా దారికొస్తాడని ఆవిడ నమ్మకం.

ఆ పని ఏమిటంటే, బస్టాండ్‌లో పోయిన వస్తువుల గది ఒకటుంది. బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులూ సంచులూ టిఫిన్ డబ్బాలూ అక్కడికి చేరతాయి. ఆ గది గుమస్తా తనకో యాప్ కావాలన్నాడు. "దొరికినవాటి ఫోటోలన్నీ ఫోన్లో పెట్టెయ్యండి. ఎవరిది వాళ్ళు చూసుకుని వచ్చి పట్టుకెళ్తారు, నా బుర్ర తినకుండా" అన్నాడు. ప్రిన్సిపాల్ పిలిపించే నాటికే పిల్లలు అక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూడడం, అడగడం మొదలుపెట్టారు.

ఆ జట్టులో ఇద్దరి గురించి చెప్పుకోవాలి. ఒకడు తుపాను. కీబోర్డు మీద చేతులు పెడితే ఆగడు, అందుకే ఆ పేరు. రెండోది గొణుగుడు. ఆ అమ్మాయి మాట్లాడితే పక్కవాళ్ళకి కూడా వినపడదు. తుపాను గుమస్తా మాట వినడమే తరువాయి, మేడమ్ మాట గాలికొదిలేసి, సెలవురోజుల్లో ఇంట్లో కూర్చుని యాప్ మొత్తం రాసేశాడు. గుమస్తా దాన్ని చూసి ఎగిరి గంతేశాడు. ఎవరో ప్రిన్సిపాల్ చెవిన కూడా వేశారు. "చూశారా మేడమ్, రాయాలనుకుంటే ఎంతసేపు!" అన్నాడాయన. ఎందుకమ్మకి చిర్రెత్తుకొచ్చింది గానీ, తుపానుని ఏమీ అనలేదు. "మంచిది. అది అక్కడ పెట్టు. పెట్టి, పక్కనే కూర్చుని చూడు" అంది.

ఆ సాయంకాలం క్లాసులో పిల్లలకి అసలు సంగతి చెప్పేసింది. ఈ పేపరుకి మీరే చివరి బ్యాచ్ కావచ్చు అని. పిల్లలు ఉడికిపోయారు. ప్రిన్సిపాల్ని తలోమాటా అన్నారు. అప్పుడు వెనక బెంచీ నుంచి గొణుగుడు ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

"గట్టిగా అమ్మా."

"అది కాదు మేడమ్... ప్రిన్సిపాల్ సారు ఎందుకు తీసేస్తున్నారు?"

"ఎందుకంటే..." అని ఎందుకమ్మ మొదలుపెట్టి, అలవాటు కొద్దీ బోర్డు వైపు తిరిగింది. చెయ్యి మార్కర్ల దగ్గరికి వెళ్ళింది. ఆయనకి పాఠం విలువ తెలియదు. ఇది రాయాలంటే ఏ రంగు? ఆయన అనలేదుగా. ఎర్ర మార్కరు తీసింది. రాసింది. ఆయనకి పిల్లలు బయట తిరగడం ఇష్టం లేదు. ఎరుపే. ఆయనకి చూపించుకోవడానికి యాప్‌లు కావాలి. అదీ ఎరుపే. ఆవిడ రాసుకుంటూ పోయింది. బోర్డు నిండింది. నీలం మార్కరుకి మూత తియ్యాల్సిన పనే పడలేదు.

"చూద్దాం మేడమ్ అన్నారు కదా మేడమ్" అన్నాడు తుపాను సాయం చేద్దామని. "అది నీలంలో రాయొచ్చు."

ఎందుకమ్మ ముఖం కందగడ్డయింది. ఊరందరినీ ఎందుకూ ఎందుకూ అని పీక్కుతినే మనిషి, ఆ ఒక్క మనిషి గదిలోకి అన్నిసార్లు వెళ్ళి, ఆ ఒక్క మాట అడగలేదు! వెళ్ళినప్పుడల్లా వాదించి వచ్చింది. పప్పులో కాలేసింది, అదీ తన పాఠంలోనే. ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది, రాలేదు. "గొణుగుడూ, నీకు నా పీరియడ్లో వందకి వంద" అని మాత్రం అంది.

ఇంటికొచ్చి వంటింటి కుర్చీలో కూలబడి అత్తగారితో చెప్పుకుంది. అత్తగారు అంతా విని, "ఆయన గదిలో కుర్చీ లేదా అమ్మాయ్?" అంది.

"ఎందుకు లేదత్తయ్యా, బల్లకి ఇవతల రెండున్నాయి."

"ఎప్పుడైనా కూర్చున్నావా?"

కోడలు ఆలోచించింది. లేదు. వెళ్ళిన ప్రతిసారీ బల్ల ముందు నిలబడే మాట్లాడింది.

"నిలబడి చెప్పేది కబురవదు, తగువే అవుతుంది" అని అత్తగారు కూరలో ఉప్పు వేసింది.

మర్నాడు ఎందుకమ్మ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. ఆయన తలెత్తి, మళ్ళీ వచ్చిందిరా బాబూ అన్నట్టు చూశాడు. "కూర్చోవచ్చాండీ?" అంది. ఆయన తెల్లబోయి, కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు.

"ఈ పేపరు తీసేద్దామంటున్నారు కదండీ. ఎందుకని?"

అడిగి నోరు మూసుకుంది.

"క్రమశిక్షణ మేడమ్. పిల్లలు కాలేజీలో ఉండాలి" అన్నాడాయన. దీనికి ఎందుకమ్మ దగ్గర దిమ్మతిరిగే జవాబు తయారుగా ఉంది. నాలుక దురద పెట్టింది. ఊరుకుంది.

"సిలబస్ కూడా ఎక్కువైపోతోంది" అన్నాడు. దీనికీ జవాబుంది. ఊరుకుంది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. బయట ఎవరో బెంచీ ఈడుస్తున్నారు. ఆయన బల్ల మీదున్న పెన్ను తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. ఎందుకమ్మ తన చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఈ శిక్ష పిల్లలకి వేస్తున్నానా ఏటా అనుకుంది.

చివరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ మధ్య ఛైర్మన్ గారు బస్టాండ్ మీదుగా వెళ్తూ మన పిల్లల్ని చూశారట. ఏదో గది ముందు నేల మీద కూర్చుని ఉన్నారట. ఫోన్ చేసి, మీ పిల్లలు అక్కడేం చేస్తున్నారండీ అని అడిగారు. నాకు తెలీదు మేడమ్. కనుక్కుని చెప్తానన్నాను. 'మీ కాలేజీలో ఏం జరుగుతోందో మీకే తెలీదన్నమాట' అని నవ్వారు. అది నన్ను తినేసింది. నేను చెప్పలేనిది నా కాలేజీలో ఉండకూడదనిపించింది. అప్పుడే, ఆ ఫోన్లోనే, అదేదైనా సరే తీసేస్తామని మాటిచ్చేశాను."

ఎందుకమ్మ కొంగు వదిలి కుర్చీలో ముందుకు జరిగింది.

"మీరు వచ్చారు. వచ్చినప్పుడల్లా ఇదెంత గొప్ప పాఠమో చెప్పారు. మీ పిల్లలు గుమస్తా దగ్గర్నించి కండక్టరు దాకా ఊళ్ళో అందర్నీ అడుగుతారట. నన్ను మాత్రం ఇవాళ్టిదాకా ఎవరూ ఏమీ అడగలేదు."

ఆ మాట ఎందుకమ్మకి సూటిగా తగిలింది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. "తప్పు నాదండీ. మొదటిరోజే అడగాల్సింది" అంది. తర్వాత, "ఆ ఫోను మళ్ళీ వస్తే, మీరేం చెప్పగలిగితే బాగుంటుంది?" అంది.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను కళ్ళారా చూసింది చెప్పగలిగితే చాలు."

"అయితే రేపు మాతో బస్టాండుకి రండి."

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కాసేపు నిలబడి, ఇక లాభం లేదని తనూ నేల మీద చతికిలబడ్డాడు. తుపాను యాప్ అప్పటికే నడుస్తోంది. జనం ఫోన్లో ఫోటోలు చూసుకుని వస్తున్నారు, "అదిగో అదే నాది" అంటున్నారు, గుమస్తా ఇచ్చేస్తున్నాడు. అంతా సాఫీగా ఉంది. ఇంతలో ఒకాయన వచ్చి నల్ల గొడుగు ఫోటో చూపించాడు. అదిప్పుడే ఇంకొకరు పట్టుకెళ్ళారన్నాడు గుమస్తా. "అదెలా ఇస్తావయ్యా, అది నాది!" "ఆయనా నాదనే అన్నాడండీ, ఫోటో చూపించి మరీ." ఇద్దరూ గొంతులు పెంచారు. గుమస్తా తలపట్టుకున్నాడు. తుపాను ముఖం వాడిపోయింది. ఫోటోలో అన్నీ కనిపిస్తుంటే, తనది కాకపోయినా ఎవరైనా తనదనే చెప్పొచ్చు. ఈ చిన్న సంగతి వాడికి తట్టలేదు.

"అయితే నేను రాసిందంతా వేస్టేనా మేడమ్?" అన్నాడు తిరిగొచ్చేటప్పుడు.

"ఎందుకురా వేస్టు? ఎర్ర మార్కరుతో రాశావు, అంతే. ఇప్పుడు అడుగు."

ప్రిన్సిపాల్ ఆ మాట విన్నాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, "మేడమ్, తల్లిదండ్రుల రోజు వానల్లోనే కదా! అందరూ గొడుగులతో వస్తారు!" అన్నాడు. ఆయన ముఖంలో అంత హుషారు కాలేజీలో ఎవరూ చూసి ఎరగరు. కానీ వెంటనే, "నేను మాటిచ్చేశాను. ఛైర్మన్ గారంతట ఆయనే తీసెయ్యొద్దంటేనే ఈ పేపరు నిలుస్తుంది, తెలుసుగా" అని కూడా అన్నాడు.

"తెలుసండీ. ఆయన్ని కూడా అడుగుదాం" అంది ఎందుకమ్మ. ఆవిడ ధీమా ఆవిడకి తిరిగొచ్చేసింది.

తల్లిదండ్రుల రోజున నిజంగానే వాన దంచి కొట్టింది. కాలేజీ హాలు గుమ్మం దగ్గర పిల్లలు అందరి గొడుగులూ తీసుకుని, ఫోటోలు తీసి లోపల పెట్టారు. తిరిగి వెళ్ళేటప్పుడు తుపాను ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. "చూసుకుని మీది మీరు చెప్పండి, ఇచ్చేస్తాం." ఫోన్లో ఏముంది! నలుపు, నలుపు, మళ్ళీ నలుపు. ఒకళ్ళది ఒకళ్ళు పట్టుకున్నారు. హాలంతా చేపల బజారయింది. తలుపు దగ్గర పిల్లలు అడ్డంగా నిలబడి ఎవరినీ బయటికి పోనివ్వలేదు. ఆ గలాభాలో ఒక పెద్దావిడ చేతిలో ఉన్న గొడుగు చూసి ఛైర్మన్ గారు, "అమ్మా, అది నాది" అన్నాడు.

"భలేవారే! ఫోటో చూసి తీసుకున్నాను. నాదే" అందావిడ గొడుగు గుండెలకి హత్తుకుని.

"నాది నాకు తెలీదా అండీ?"

ప్రిన్సిపాల్ ముందుకొచ్చాడు. ఒక కుర్చీ లాగి, "కూర్చోండి సార్" అన్నాడు. పక్కన ఇంకో కుర్చీలో పెద్దావిడని కూర్చోబెట్టాడు. గొడుగు తీసి గొణుగుడు చేతికిచ్చాడు.

"మీ గొడుగు గురించి చెప్పండి సార్" అంది గొణుగుడు. ఛైర్మన్ వినపడక ముందుకు వంగాడు. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది.

"నల్లగా ఉంటుంది."

గొణుగుడు ఏమీ అనలేదు. ఊరుకోవడంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు. హాలు కూడా మెల్లిగా సద్దుమణిగింది. ఛైర్మన్ కుర్చీలో ఇటూ అటూ కదిలాడు.

"దాని బటన్... ఒకసారి నొక్కితే తెరుచుకోదు. నొక్కి పట్టుకుని, పిడి మీద చిన్న దెబ్బ వెయ్యాలి. మా మనవరాలు కనిపెట్టింది ఆ కిటుకు. ఇంకోటి కొనమంటే దాని కోసమే కొనడం లేదు."

గొణుగుడు బటన్ నొక్కింది. తెరుచుకోలేదు. పట్టుకుని పిడి మీద ఒక్కటిచ్చింది. గొడుగు ఫట్టుమని విచ్చుకుని పెద్దావిడ జుట్టు చెదరగొట్టింది. హాలంతా ఒక్కటే నవ్వు. "అయ్యో, నాది వేలు తగిలితే చాలు తెరుచుకుంటుందండీ, ఇది నాది కాదు" అని ఆవిడే ముందు పగలబడి నవ్వింది.

ఛైర్మన్ గొడుగు అందుకుని, "బాగుంది గానీ, ఇంతకీ ఈ పిల్లలు చేసిన సాఫ్ట్‌వేర్ ఏదండీ?" అన్నాడు.

ఎందుకమ్మ నోరు తెరవబోయి, ప్రిన్సిపాల్ వైపు చూసి ఆగిపోయింది. ఆయన ఆవిడ వైపు చూడనే లేదు.

"అడగకుండా రాసింది ఇందాక ఫోన్లో చూశారు సార్. దాన్ని నమ్ముకుంటే మీ గొడుగు ఈపాటికి ఆవిడగారి ఇంటికి వెళ్ళిపోయేది. అడిగి రాయాల్సింది ఇప్పుడు మొదలవుతుంది. అందులో ఫోటో గుమస్తాకి మాత్రమే కనిపిస్తుంది. పోగొట్టుకున్నవాళ్ళకి ఫోటో ఉండదు, మీ వస్తువు గురించి చెప్పండి అనే ప్రశ్న ఒక్కటే ఉంటుంది." ఆయన ఛైర్మన్ వైపు ఇంకాస్త వంగాడు. "మన పిల్లలు బస్టాండ్‌లో నేల మీద కూర్చుని ఏం చేస్తున్నారని అడిగారు కదా సార్. ఇదే చేస్తున్నారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను."

ఛైర్మన్ గొడుగు మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"మరి తీసేస్తామని నాకు మాటిచ్చారే?"

"ఆ మాట వెనక్కి తీసుకుంటానంటున్నాను సార్."

"తీసుకోండి తీసుకోండి. నా గొడుగు నాకిచ్చారు, మీ మాట మీకివ్వకపోతే ఎలా!" అన్నాడు ఛైర్మన్. పిల్లలు ఈలలు వేశారు. ఎందుకమ్మ గోడకి చేరబడి కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తున్నారా మేడమ్ అని తుపాను అడిగితే, వాన జల్లు అని దబాయించింది. హాల్లోకి జల్లు ఎక్కణ్ణించి వస్తుందో ఆవిడకే తెలియాలి.

మళ్ళీ ఏడాది, క్లాసులు మొదలవడానికి ముందు రోజు, ఎందుకమ్మ స్టాఫ్‌రూమ్‌లో భర్త పాత కోటు దులుపుకుంటోంది. మొదటి క్లాసు, వేషం సిద్ధం చేసుకోవాలి కదా! ప్రిన్సిపాల్ కబురు పంపాడు. వెళ్ళింది. ఆయన కాస్త సిగ్గుపడుతున్నట్టు కనిపించాడు.

"మేడమ్, రేపటి వేషం... ఆ సైకిళ్ళ కొట్టు బాబాయ్ వేషం. ఈసారి నాకిస్తారా?"

"ఎందుకండీ?" అంది ఎందుకమ్మ నిలబడే.

ఆయన నవ్వేశాడు. లేచి, బల్లకి ఇవతలి కుర్చీ తనే జరిపాడు.

"కూర్చోండి. చెప్తాను."